నిద్రపోని పెట్టెలు

మూడేళ్లు చెమటోడ్చి చేసిన ఆట. పేరు ‘రేవు’. టీవీకి తగిలించి ఆడుకునే ఆటపెట్టెల కంపెనీ దాన్ని ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపింది. మూడోదే ఆఖరి అవకాశం. గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలు. అది తప్పితే ఆ పెట్టె మీదికి ‘రేవు’ ఇక ఎప్పటికీ రాదు. ఇది చాలదన్నట్టు అదే ఆట కంప్యూటర్ కాపీని ఎవడో దొంగిలించి, లోపల ఏవో మార్పులు చేసి, ‘ఊడినగుండీ’ అనే మారుపేరుతో జనానికి పంచిపెడుతున్నాడు. ఆ మారుపేరు వెనక ఉన్న అడ్రసును మరదలు పట్టుకుంది. వదిన ఫిర్యాదు కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది. లాండ్రీ పైన రెండో అంతస్తు, ఆకుపచ్చ తలుపు. పోయినవారం వాళ్లిద్దరినీ మనం అక్కడే వదిలిపెట్టాం.

తలుపు తెరుచుకుంది.

తీసిన మనిషికి యాభై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. వాటిని తీసి కాలరుకు గుచ్చుకుని, "కోటా, కర్టెన్లా?" అని అడిగాడు.

మూడు రోజులుగా వదిన మనసులో నూరి ఉంచుకున్న మొదటి మాట ఆ ప్రశ్నతో ఎగిరిపోయింది. దొంగంటే కళ్లు లోపలికి పోయిన ఇరవయ్యేళ్ల కుర్రాడు ఉంటాడనుకుంది. ఇక్కడ చూస్తే గది నిండా పదకొండు గంటల ఎండ. రెండు కుట్టుమిషన్లు. ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తీగ మీద పద్నాలుగు ప్యాంట్లు, ప్రతి దానికీ పిన్నుతో గుచ్చిన చీటీ. మిషన్ల మధ్య బల్ల మీద మూతలేని కంప్యూటర్ ఒకటి పేగులన్నీ బయటపెట్టుకుని కూర్చుంది. దారపు పోగులు చుట్టుకోకుండా దాని ఫ్యానుకు పల్చటి వలగుడ్డ కట్టి ఉంది.

దాని తెర మీద ఒక నది, నదిలో ఒక పడవ. రెండూ వాళ్లవే.

"ఊడినగుండీ అంటే మీరేనా?" అంది మరదలు.

దర్జీ తెర వంకా, వాళ్ల వంకా చూశాడు. బుకాయించలేదు. "మీరు ‘రేవు’ వాళ్లన్నమాట. రండి. స్టూలు ఒకటే ఉంది, మీలో ఎవరు పెద్దయితే వాళ్లు కూర్చోండి."

"మా వదినే పెద్ద," అంది మరదలు. "అన్నిట్లోనూ."

వదిన కూర్చోలేదు.

వదినామరదళ్ల తగువు ఎక్కడైనా వంటింట్లో మొదలవుతుందంటారు. వీళ్ల తగువు ఆఫీసు గుమ్మంలో మొదలైంది. ఉన్నవి రెండు గదులు. కుడివైపు గది వదినది: ఒక సోఫా, ఒక టీవీ, దాని కింద ఆటపెట్టె. ఎడమవైపు గది మరదలిది: ఏడు కంప్యూటర్లు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. వదిన చేతిలో ఆట పెట్టె కోసం తయారవుతుంది, మరదలి చేతిలో కంప్యూటర్ కోసం. వదిన భర్త, అంటే మరదలికి అన్నయ్య, రెంటికీ సంగీతం కడతాడు. ఆఫీసులో అతని పేరు చప్పుడు. రెండు గదుల మధ్య తలుపులో కుర్చీ వేసుకుని, ఎవరి పక్షమూ వహించకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన ఘనుడు.

ఆటల్ని ముందుకు నడిపించింది పెట్టే అంటుంది వదిన. కోటి ఇళ్లలో కోటి పెట్టెలున్నా అన్నీ ఒకటే. కొనుక్కున్నవాడు బటన్ నొక్కితే చాలు, ఆడుకుంటాడు. తయారుచేసేవాళ్లకు లోపల ఏముందో అణువణువూ తెలుసు కాబట్టి చివరి చుక్క దాకా పిండుతారు. కంప్యూటర్ ముందు ఒక్కడు కూర్చుంటాడు, టీవీ ముందు ఇల్లంతా కూర్చుంటుంది. కాదు, కంప్యూటరే అంటుంది మరదలు. కొత్తది ఏదైనా ముందు పుట్టేది అక్కడే. విప్పి చూడొచ్చు, పాడుచేయొచ్చు, బాగుచేయొచ్చు. ఆడేవాడే రేపు తయారుచేసేవాడవుతాడు. పెట్టెలో ఉన్నది తాళం వేసిన అందం అంటుంది.

ఆట లోపలి లెక్కలున్న ఫైలును కంప్యూటర్ కాపీలో ఎవరైనా తెరిచి చదువుకునేలా వదిలేసింది మరదలే. తాళం వేయమని వదిన ఏడాది క్రితమే చెప్పింది. దొంగ దూరింది ఆ తలుపులోంచే. దారి పొడవునా వదిన ఆ మాట నాలుగుసార్లు గుర్తుచేసింది.

ఇప్పుడు ఫిర్యాదు కాగితం తీసి కత్తెర పక్కన పెట్టింది. మూడేళ్ల పని మీకు ఆటవస్తువైపోయిందా అని అడిగింది. మీ చేతి ప్యాంటు ఎవడో ఎత్తుకెళ్లి, కాలు కత్తిరించి, తన పేరుతో పంచితే ఊరుకుంటారా అంది. ఎన్ని కాపీలు పంచారో లెక్క చెప్పమంది.

దర్జీ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. పదిమందికి ఇచ్చానని చెప్పాడు. కొత్త కంప్యూటర్ల మీద ఆడని పాత ఆటలకు అతుకులు వేసి ఆడేలా చేయడం తనకు పన్నెండేళ్ల అలవాటనీ, అతుకు నిలుస్తుందో లేదో చూడటానికి పదిమంది ఉంటారనీ, ఈసారి ఆ పదిమందీ ఇంకో పదేసిమందికి ఇచ్చేశారనీ చెప్పాడు.

"అది నా తప్పే. గుడ్డ నా చేతిలో ఉండగా పోతే జవాబుదారీ నాదేనమ్మా," అన్నాడు. "కానీ నేను దొంగిలించలేదు. బాగుచేయమని నాకు పంపించారు."

"ఏం బాగుచేయమని?"

"సేవ్ పోతోందని."

వదిన చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. కంపెనీ రెండుసార్లు తిప్పి పంపినప్పుడు వాళ్ల ఫారంలో టిక్కు పడ్డ గడి అదే: ఆటగాడు దాచుకున్న ఆట చెరిగిపోతోంది. ఎప్పుడు, ఎలా అని రాయడానికి ఆ ఫారంలో చోటుండదు. నాలుగు నెలలుగా ఆఫీసులో అందరూ కళ్లు కాయలు కాచేలా ఆడి చూశారు. ఒక్కసారీ పోలేదు.

దర్జీ కీబోర్డు మీద ఒక బటన్ నొక్కాడు. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది. "ఇది మీరు చేసిన అసలు కాపీ. నేను ముట్టుకోనిది. నిద్రపుచ్చాను. ఒక ప్యాంటుకు రెండు కాళ్లూ మడత కుట్టేలోపు చూపిస్తాను," అని మిషన్ ముందు కూర్చున్నాడు.

సూది కదిలింది. వదిన అప్పుడు స్టూలు మీద కూర్చుంది. దర్జీ పావుగంటలో ఒక కాలు ముగించి, రెండో కాలూ ముగించి, దారం తెంపి, లేచి కీబోర్డును తట్టాడు. నది తిరిగొచ్చింది. పడవ లేదు. పడవవాడు మొదటి మజిలీలో, ఆట కొన్నరోజు నిలబడ్డచోట, చేతులూపుకుంటూ నిలబడి ఉన్నాడు.

"పదకొండు మజిలీలు దాటానమ్మా, పొద్దున," అన్నాడు దర్జీ.

వదినకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. నియమం ఆమె పెట్టిందే: పడవను రేవుకు కట్టకుండా పది నిమిషాలు వదిలేస్తే నది లాక్కుపోతుంది, పడవవాడు మొదటికొస్తాడు, ఆట దాన్నే దాచుకుంటుంది. ఆ పది నిమిషాలు లెక్కపెట్టేది యంత్రంలోని గడియారం. యంత్రం నిద్రపోయినా గడియారం నిద్రపోదు. మనిషి బటన్ నొక్కి పడుకుని పొద్దున్నే లేస్తే, ఆటకు ఎనిమిది గంటలు ఒక్క గెంతులో గడిచిపోయినట్టు కనిపిస్తుంది. పడవ గల్లంతు.

"మరి మా దగ్గర ఒక్కసారైనా..." అని మొదలుపెట్టి వదిన తనే ఆగిపోయింది.

మరదలు నెమ్మదిగా అంది, "మెయిన్ స్విచ్, వదినా."

మొదటి ఆఫీసు ఒక ప్లగ్గు కాలి బూడిదైంది. ఆ రోజు నుంచి వదిన చట్టం ఒకటే. టీకి వెళ్లినా, భోజనానికి వెళ్లినా, ఇంటికి వెళ్లినా మెయిన్ ఆపాలి. ఆఖరున వెళ్లేవాళ్లు గోడ మీది కాగితంలో సంతకం పెట్టాలి. ఒక్క సంతకం తప్పలేదు. మెయిన్ ఆపితే పెట్టె చచ్చిపోతుంది, మళ్లీ వేస్తే దాచుకున్న ఆటతో కొత్తగా మొదలవుతుంది. గెంతు ఉండదు. నష్టం ఉండదు. లోకంలో ఎవరూ పాటించనంత క్రమశిక్షణ పాటించి, లోకంలో అందరికీ కనిపించే తప్పును తాము మాత్రం చూడలేకపోయారు.

సంగతి విన్న దర్జీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీ ఆఫీసులో యంత్రాలు చచ్చి పుడుతున్నాయి తప్ప నిద్రపోవడం లేదమ్మా."

మరదలు గెలవాల్సిన సమయం అది. తప్పు దొరికింది కంప్యూటర్ మీద. దొరకడానికి కారణం ఆమె తెరిచి ఉంచిన ఫైలు. దర్జీ అందులో పది నిమిషాలు అన్నచోట వెయ్యి గంటలు అని మార్చి పడవను కాపాడాడు. వదిన ఆడపడుచు వైపు తిరిగింది, ఇక అను, పడతాను అన్నట్టు.

మరదలి ముఖం మాత్రం పాలిపోయింది.

"కంప్యూటర్ మీద ఆడుతున్నవాళ్ల నుంచి నాకు నాలుగు ఉత్తరాలొచ్చాయి వదినా," అంది. "ల్యాప్‌టాప్ మూసి తెరిస్తే పడవ పోతోందని. నలుగురికీ ఒకటే జవాబు రాశాను. మీ కంప్యూటర్‌లో తేడా, సరిచూసుకోండి అని. ఏ రెండు కంప్యూటర్లూ ఒక్కలా ఉండవు కదా, ఎవరికి చిక్కొచ్చినా వాళ్ల యంత్రం మీదికి నెట్టేయడం అలవాటైపోయింది. నీ పెట్టెల కంపెనీ వాళ్లకు ఆ సాకు లేదు. అన్ని పెట్టెలూ ఒకటే కాబట్టి తప్పు ఆటదేనని ముక్కుసూటిగా టిక్కు పెట్టారు. నేను నలుగురు మనుషుల్ని అబద్ధాలకోరుల్ని చేశాను."

ఇన్నేళ్లలో మరదలు ఓటమి ఒప్పుకోవడం వదిన చూడలేదు. చూడాలని ఎన్నిసార్లో అనుకుంది. తీరా చూస్తే సంతోషం కలగలేదు. లేచి స్టూలును ఆమె వైపు తోసింది.

దర్జీ ఒకసారి ఇద్దర్నీ చూసి, తీగ మీది ప్యాంట్లను చూపించాడు. రెడీమేడ్ బట్టలు వచ్చినప్పుడు ఈ వీధిలో ఆరుగురు దర్జీలుండేవారట. ఇక మన పని అయిపోయిందని అందరూ ఏడ్చారట. "ఏమైంది? అంతకుముందు మంచి ప్యాంటు కలిగినవాళ్లకే ఉండేది. రెడీమేడ్ వచ్చాక అందరికీ వచ్చింది. అందరికీ పొడుగెక్కువైంది. కత్తిరించేది నేనే. కొత్త రకం జేబు ఎక్కడ పుడుతుందంటారా, నా బల్ల మీదే. నాలుగేళ్లకు అది ఫ్యాక్టరీ ప్యాంటులో కనిపిస్తుంది. నాకు కోపమొచ్చిందా అంటే మొదట్లో వచ్చింది. ఫ్యాక్టరీ లేకపోతే నా జేబులో ఎంతమంది చేతులు పెట్టుకుని నడిచేవాళ్లు చెప్పండి."

వదినకూ మరదలికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఒకేసారి ఆపుకున్నారు.

"ఇది మీకు పంపిందెవరు మాస్టారూ?" అని అడిగింది వదిన.

పేరు చెప్పనని మాటిచ్చానన్నాడు దర్జీ. ఫైలుతోపాటు ఒక ఉత్తరం వచ్చిందనీ, దాన్ని చూపించకూడదని మాత్రం ఎవరూ అనలేదనీ చెప్పి తెర మీద తెరిచాడు. కింద సంతకం లేదు. అవసరమూ లేకపోయింది.

‘ఆఫీసు పెట్టెను ఒక శనివారం ఇంటికి తీసుకెళ్లాను, అది తప్పే. రాత్రి బటన్ నొక్కి పడుకున్నాను, పొద్దున సేవ్ లేదు. మా వాళ్లకు చెప్తే ఆఫీసులో పోదు, మీ ఇంట్లోనే ఎందుకు పోతుంది అన్నారు. పెట్టెను బయటికి తీసుకెళ్లినందుకు ఉద్యోగం తీసేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. పని నేర్పింది వాళ్లే. ఈ ఆట చెడిపోకూడదు. మీరు చేసి చూపిస్తే నమ్ముతారు. నేను చెప్తే నమ్మరు.’

పిచ్చుక. ఆటలో తప్పులు వెతకడమే పనిగా రెండేళ్లు సోఫా చివర కాళ్లు మడుచుకుని కూర్చున్న టెస్టర్. అందరికంటే చిన్నది, గొంతు కూడా సన్నం, అందుకే ఆ పేరు. రెండు నెలల క్రితం వదిన ఆమెను ఐదు నిమిషాల్లో పంపేసింది. కాపీ బయటికి వెళ్లింది ఆ చేతుల మీదుగా. దొంగతనం దొంగతనమే. కానీ ఆ దొంగతనం లేకపోతే ఈ గదికి దారి లేదు.

వదిన ఫిర్యాదు కాగితం వెనక్కి తిప్పింది. కలం తీసి, ఆట చివర నెమ్మదిగా పైకి జరిగే పేర్ల వరుసలో చేర్చడానికి మొదటి పేరు రాసింది: ఊడినగుండీ. దర్జీ వద్దన్నాడు. ఆమె వినలేదు. "మాస్టారూ, నేను తలుపు తట్టింది మిమ్మల్ని పట్టించడానికి," అంది. "మీరు నన్ను కూర్చోబెట్టి నా తప్పు నాకు కుట్టి చూపించారు. ఇంతకంటే ఏం అనాలో నాకు తెలియడం లేదు."

"ఏం అనక్కర్లేదు. నేను వేసింది అతుకే. గుడ్డ నేసేవాళ్లు మీరు. వెళ్లి సరిగ్గా నేయండి, టైమెంతయిందో చూశారా?"

పన్నెండూ పది.

ఒంటిగంటకు ఆఫీసు చేరారు. యంత్రంలోని గడియారాన్ని చదవడం మానేసి, ఆట మేలుకుని ఉన్న నిమిషాల్ని మాత్రమే ఆట లెక్కపెట్టుకునేలా మార్చాలి. ఇద్దరూ మొదటిసారి ఒకే గదిలో, ఒకే తెర ముందు కూర్చున్నారు. మరదలు చెప్తుంటే వదిన రాసింది. వదిన రాసింది మరదలు సరిదిద్దింది. రెండున్నరకు పని పూర్తయింది. పిచ్చుక అసలు పేరును వదిన స్వయంగా, దర్జీ పేరుకు పైన, పేర్ల వరుసలో చేర్చింది. తరవాత బటన్ నొక్కి పెట్టెను నిద్రపుచ్చారు. గంటన్నర నిద్రపోనివ్వాలని వదిన నిర్ణయం. నిద్రపోతున్న పెట్టెకు చప్పుడును కాపలా పెట్టారు. అతను రికార్డింగ్ స్టూడియోలో పుట్టి పెరిగినవాడిలా ఎవరినీ దగ్గనైనా దగ్గనివ్వలేదు. భోజనానికి ఎవరూ లేవలేదు కాబట్టి మెయిన్ ఆపాల్సిన అవసరమూ రాలేదు.

నాలుగూ ఐదుకు పెట్టెను లేపారు. పడవ ఉంది. పదకొండో మజిలీలో, ఎక్కడ వదిలారో అక్కడే, నీళ్ల మీద మెల్లగా ఊగుతోంది. మళ్లీ పది నిమిషాలు నిద్రపుచ్చి లేపారు. ఉంది. చప్పుడు ఒక చెయ్యి చెల్లెలి తలమీద వేసి, రెండో చేత్తో భార్య భుజం పట్టుకున్నాడు.

నాలుగూ నలభైకి ‘రేవు’ మూడోసారి కంపెనీకి వెళ్లింది. అందినట్టు రసీదు వచ్చింది.

"ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది మరదలు. "ఏం చేద్దాం వదినా?"

ఏం చేయాలో వదినకు పన్నెండూ పది నుంచీ తెలుసు. పిచ్చుక నంబరుకు చేసింది, స్విచాఫ్. మరదలు పిచ్చుక తల్లికి చేసింది. ఆవిడ, అమ్మాయికి నెల క్రితం మంచి ఉద్యోగం వచ్చిందనీ, లోపలికి సెల్ తీసుకెళ్లనివ్వరనీ చెప్పి, ఆఫీసు నంబరు ఇచ్చింది. ఏ ఆఫీసో వీళ్లు అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మూడో మోతకు ఫోన్ ఎత్తారు. ఎవరు కావాలని అడిగి, వదిన పేరు రాసుకుని కలిపారు. సన్నటి గొంతు పలికింది. "చెప్పండి మేడమ్."

ఆఫీసులో పిచ్చుక కూడా అందరిలాగే వదినగారూ అని పిలిచేది. ఆ ‘మేడమ్’ వదినకు సూదిలా గుచ్చుకుంది. కోపంగా ఉందనుకుంది. ఉండాల్సిందే అనుకుంది.

"నన్ను ముందు చెప్పనీ పిచ్చుకా, నువ్వు ఆపితే మళ్లీ చెప్పలేను," అంది. "నువ్వన్నదే నిజం. నిద్రలోనే పోతోంది. మాస్టారింటికి వెళ్లాం, నీ ఉత్తరం చదివాం. ‘రేవు’ ఇవాళ బతికిందంటే నీ వల్ల. ఇప్పుడే మూడోసారి పంపాం. నిన్ను పంపేసిన నోటితో క్షమించమని అడగలేను. థాంక్స్ మాత్రం చెప్పుకోనీ. మా ముగ్గురి తరఫునా."

పిచ్చుక గొంతు ఇంకా తగ్గించింది.

"ఈ నంబరు మీకెవరిచ్చారు?" అంది పిచ్చుక.

"మీ అమ్మగారు. ఏమైంది?"

"ఇది ఆటపెట్టెల కంపెనీ, మేడమ్. పరీక్ష విభాగం." మాటలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వదులుతున్నట్టు వస్తున్నాయి. "మా బల్లల మీదికి ఆటల పేర్లు రావు, నంబర్లే వస్తాయి. పోయినసారి తెరిచాక తెలిసింది అది మీదని. పైవాళ్లకు చెప్పి తప్పుకోవాల్సింది. తప్పుకోలేదు. ఆ టిక్కు పెట్టింది నేనే. ఆట చేసినవాళ్లు పరీక్షించేవాళ్లతో ఒక్క మాట మాట్లాడినా ఆ ఆటను ఇక ఎప్పటికీ తీసుకోరు. ఇక్కడ ప్రతి ఫోనూ వింటారు."

వదిన రిసీవరు పెట్టేయబోయింది. లైనులో చిన్న చప్పుడైంది, ఎవరో పక్క గదిలో మరో ఫోను ఎత్తినట్టు.

"మధ్యలో వచ్చినందుకు క్షమించండి," అంది మర్యాదగా ఒక మగ గొంతు. "నేను ఈ విభాగం అధికారిని. ఇందాక ఏదో ఆట బతికిందన్నారు. దాని పేరు మళ్లీ ఒక్కసారి చెప్తారా, మేడమ్?"